సగం గోలీ

"మళ్ల గోలీ ఊంచిందా?" అన్నడు మా ఆయన బాలేష్, నోట్లె బ్రష్ పెట్టుకోనే.

నేను అత్తమ్మ మంచం పక్కన కూసోని ఆమె గడ్డం తుడుస్తున్న. ఇడ్లి మెత్తగ పిసికి పెడితె తిన్నది, నీళ్లు తాగింది. గోలీ నోట్లె ఏసిన. జరసేపటికి సగం గోలీ ఆమె ఎడమ చేతిల ఉన్నది. దినాం పొద్దుగాల మా ఇంట్ల గిదే లొల్లి.

"పిచ్చి లేసినట్టుంది అవ్వకు," అన్నడు మా ఆయన, పుక్కిలించుకుంట. "గట్టిగ నోరు మూసి మింగియ్యి. నువ్వు మెత్తగ ఉంటున్నవు, గందుకే ఆమె గట్ల చేస్తాంది." చెప్పేది చెప్పి బండి తీస్కొని పోయిండు. షామీర్‌పేట దిక్కు ప్లాట్లు సూపిస్తడు. కొనేటోళ్ల ముంగట ఆయనంత ఓపికున్న మనిషి మా రావల్కోల్‌ల ఇంకోడు లేడు.

ఆమె ఊంచలే. మా అత్తమ్మ పోశవ్వ గోలీని ఎన్నడు ఊంచలే. ముందటి పండ్లతోని నడిమిట్లకు కొరుకుతది. ఒక సగం మింగుతది. ఇంకో సగం నాలిక మీదికెళ్లి తీసి, అరచేతిల పెట్టుకొని నా దిక్కు సాపుతది. "ఇంద," అంటది. పక్షవాతం వచ్చినంక కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినయి, మాటలన్ని పోయినయి, గా ఒక్క మాట మిగిలింది. ఆకలైనా ఇంద, ఒంటికి పోవాలన్నా ఇంద, కొడుకు మీద కోపమొచ్చినా ఇంద. ఇంటోళ్లకు అదొక అర్థం లేని కూత. నాకు మాత్రం పొద్దుగాల అనే ఇందకు అర్థం ఎరికే. నా వాటా నాకు ఇస్తాంది.

అవును, వాటానే. గా ముచ్చట నాకు, ఆమెకు తప్ప ఎవ్వలకు ఎరికలేదు. ఆమె చెప్పలేదు, నేను చెప్పను. గిట్లనే ఎల్లదీస్తున్న.

నేను మేడ్చల్ కాడ గోలీల కంపినిల ప్యాకింగ్ లైన్ల చేసేదాన్ని. నెత్తికి టోపీ, మూతికి మాస్కు, పొద్దంత నిలబడి వరుసగ గోలీలుండే పత్తాలను డబ్బలల్ల పెట్టుడు. పోయినేడు ఎండకాలం నెత్తినొప్పి పట్టుకున్నది. మెడ ఎనుక నరాలు గుంజేటియి, కండ్ల ముంగట చుక్కలు తిరిగేటియి. ఎండకు అనుకున్న, నిద్ర సాలక అనుకున్న. ఇంట్ల చెప్తె మా ఆయన, "ఏసీల నిలబడి చేసేదానికి నెత్తినొప్పి ఏందే? ఎండల తిరిగేది నేను," అన్నడు. నిజమే గద అనుకున్న. ఆయన ఏమన్నా నిజమే గద అనుకునుడు నాకు పెండ్లయినప్పటి సంది అలవాటు.

అత్తమ్మకు అంతకు చాన ముందు నుంచే బీపీ. పల్లె దవఖాన సిస్టర్ నెల నెల ఇంటికొచ్చి గోలీలు ఇచ్చి పోయేది. ఒకసారి ఆమె వచ్చిన దినం నాకు వీక్లీ ఆఫ్. "జర మా కోడలుకు సుత సూడు బిడ్డా, మొకమంత కందిపోతాంది," అన్నది అత్తమ్మ. సిస్టర్ నా చేతికి బీపీ మిషిన్ పట్టీ కట్టి సూసింది. ఇప్పి, మళ్ల కట్టి సూసింది. "ఏందక్కా, నీకు మీ అత్తమ్మ కంటె ఎక్కువున్నది! రేపు దవఖానకు రా. డాక్టర్ సూసి రాస్తె నీ పేరెక్కిచ్చి నీకు సుత గోలీలిస్త," అన్నది. మాపటికి మా ఆయనకు చెప్పిన. పక్కున నవ్విండు. "గీ వయసుల బీపీనా? మా అవ్వతోని పోటీ పెట్టుకున్నవా ఏంది?" అన్నడు. ఆయన నవ్విండని నేను సుత నవ్విన.

దవఖానకు పోలే. పోతె పేరెక్కుతది, ఫోన్‌కు మెసేజ్‌లొస్తయి, ఇంట్ల ఎవల పేరు మీద రాపిచ్చినా నంబర్ మా ఆయనదే. అంతకన్న పెద్ద భయం కంపినిది. నా పక్కన నిలబడే ఆమనికి ఏడాదికోసారి చేసే చెకప్‌ల బీపీ అని తేలింది. కండ్లు తిరిగి మిషిన్ మీద పడితె ఎవలు జవాబుదారి అని కంట్రాక్టర్ ఆమెను మర్నాటి నుంచి రావద్దన్నడు. నాకు ఆ నౌకరి కావాలె. జీతం కార్డు మా ఆయన జేబులనే ఉండేది, అయినా కావాలె. పొద్దుగాల బస్సెక్కి కిటికీ పక్కన కూసుంటె, కంపిని గేటు వచ్చేదాక నన్ను ఎవ్వలు ఏం అడగరు.

మర్నాడు నేను టిఫిన్ డబ్బ కట్టుకుంటుంటె అత్తమ్మ వంటింట్లకు వచ్చింది. ఆమె గోలీని ఈలపీట మీద పెట్టి రెండు చెక్కలు చేసింది. ఒక చెక్క నా అరచేతిల పెట్టి, "ఇంద," అన్నది.

"మరి నీకో అత్తమ్మా?"

"నాకు సగం సాలు. ఎండిపోయిన పెయ్యి, గింత గోలీ ఏం చేస్కుంట? ఒక్క రొట్టె ఇద్దరం తింటలేమా? ఏస్కో, బస్సు పోతది."

వద్దు అనొచ్చు. అనలే. ఏమంత పిరం గోలీ గాదు, మెడికల్ షాపుల కొనుక్కోవచ్చు. మా ఊరి షాపాయన మా ఆయన దోస్తు అని సాకు చెప్పుకున్న. మేడ్చల్‌ల షాపులు లేవా నాయినా! ఎన్నో పత్తాలు డబ్బలల్ల పెట్టిన చేతులు ఇవి, నాకోసం ఒక్కటి కొననీకి రాలే. అసలు సంగతి ఏందంటె, ఆ ఇంట్లకు వచ్చినంక నా కోసమని ఏదన్న తీసిపెట్టిన మనిషి ఆమె ఒక్కతె. తునకల కూర వండితె అందరు తిన్నంక గిన్నె అడుగు నాది. పండ్లు తెస్తె మచ్చలున్నయి నావి. పొద్దుగాలే వంటింట్ల ఇద్దరం దొంగలోలె నిలబడి, ఒక్క గిలాసల నీళ్లు తాగి చెరో సగం మింగుతుంటె నాకు మస్తు సంబురమయ్యేది. నెత్తినొప్పి సుత తగ్గింది. నాకు తగ్గుతుంటె ఆమెకు ఏమయితాందో అని ఒక్కనాడు సోయి చేయలే. గోలీల కంపినిల పని చేసేదాన్ని, మందు సగమైతె సరిపోదని నాకు ఎరికలేదని ఎట్లంట? ఎరికే. తలుసుకోలే, అంతే.

వానలు పడ్డంక ఒకనాడు అత్తమ్మ మడిల పాలకూర కోస్తాంది. చేతిలకెళ్లి కొడవలి జారింది. పక్క మడిల ఉన్న ఎంకయ్య మామ ఉరికొచ్చి సూస్తె మూతి ఒక దిక్కు పోయింది, మాట ముద్దయింది. ఆయన మా ఆయనకు ఫోన్ చేసిండు. మా ఆయన ప్లాటు కొనేటోళ్లను మళ్ల రోడ్డు దాక దింపి, అప్పుడొచ్చిండు. గాలి కొట్టినట్టుంది అని పండబెట్టి నిమ్మకాయ నీళ్లు పోసిండు. అల్వాల్‌ల ఉండే మా ఆడిబిడ్డ భాగ్యకు ఫోన్ చేసిండు. "దవఖాన దవఖాన అనకే అన్నా, ముందు పసరు పోసే ఆయన కాడికి తీస్కపో. మా అత్తగారి దిక్కు ఒకామెకు గట్లనే నయమయింది," అన్నది ఆమె. పసరు పోయించిండ్రు, మాలిష్ చేయించిండ్రు, చెయ్యి లేస్తదేమో అని ఎదురు సూసిండ్రు. పొద్దు గూకినంక పెద్ద దవఖానకు తీస్కపోయిండ్రు. నేను లైన్ల ఉన్న. మా ఫోన్లు గేటు కాడనే పెట్టి పోవాలె. డ్యూటీ దిగి ఫోన్ సూసుకొని సీదా దవఖానకు ఉరికిన.

"వెంటనే తెస్తె నెత్తురు గడ్డ కరిగే ఇంజెక్షన్ ఇచ్చేటోళ్లం. ఇగ యాళ్ల దాటిపోయింది," అన్నడు డాక్టర్. మా ఆయన నా దిక్కు తిరిగి, "నువ్వు ఇంట్ల ఉంటె గిట్లయితుండెనా?" అన్నడు. "తొక్కులల్ల ఉప్పు కుమ్మరిస్తది వదిన," అన్నది భాగ్య. పసరు ముచ్చట ఎవ్వలు తీయలే. నేను సుత తీయలే, నా నోరు నేనే కట్టేసుకున్న గద. "బీపీ గోలీలు రోజు ఏస్కుంటుండెనా?" అని డాక్టర్ అడిగితె, "ఒక్కటి సుత మిగలలే సార్. నెల ఆఖరుకు పత్తా ఖాళీ," అన్నడు మా ఆయన. అబద్ధమేం గాదు.

నౌకరి ఇడిసిపెట్టిన. ఇడిసిపెట్టు అని ఎవ్వలు అనలే, పో అని సుత ఎవ్వలు అనలే. ఆమెను లేపుడు, కూసోపెట్టుడు, ఒంటికి పోయిచ్చుడు, తుడుసుడు, దుప్పట్లు ఉతుకుడు, పడిపోయిన చెయ్యిని మడిచి సాపి మడిచి సాపి కదిలిచ్చుడు. పోశవ్వకు మంచి కోడలు దొరికింది అంటరు ఊళ్లె. ఆ మాట చెవుల పడితె, నేను చేసేది సేవ గాదు తల్లీ, జరిమాన కడుతున్న అని అరవాలనిపిస్తది. అరవను. దుప్పటి గట్టిగ పిండుత.

అత్తమ్మను దవఖాన నుంచి తెచ్చిన మర్నాటి నుంచే గా సగం గోలీ లొల్లి షురూ అయింది. మాట పోయింది గని లెక్క పోలే ఆమెకు. మొత్తం మింగు అత్తమ్మా అని బతిమిలాడిన, కాళ్లు పట్టుకున్న. నూరి పెరుగుల కలిపిన. చేదు తగలంగనే నోరు బిగపట్టి, గోలీ ఏది అన్నట్టు అరచెయ్యి సాపింది. నేను తీసుకోకపోతె ఏడుస్తది, అన్నం ముట్టదు. గందుకే తీస్కొని, నోట్లె ఏసుకున్నట్టు చేసి కొంగుల ముడేస్తున్న. ఆమె గోలీ మళ్ల మింగితె నేను మనిషినే గాదని ఒట్టు పెట్టుకున్న. మంచి ఒట్టు! ఆ సగం ఆమె పెయ్యిలకు పోదు, నా పెయ్యిలకు పోదు. ఆమెకు వచ్చేది సగమే. నా నెత్తినొప్పి సుత తిరిగొచ్చింది.

నువ్వు మెత్తగ ఉంటున్నవు అని మా ఆయన అన్న దినమే పగటీలి అంకిత అనే పిల్ల వచ్చింది. పెద్ద దవఖానల పక్షవాతం మీద పరిశోధన చేస్తున్నరట, ఆమె అందుల పని చేస్తదట. గాజులరామారం నుంచి స్కూటీ మీద వచ్చింది, మొకమంత దుమ్ము. మా ఆయనకు ముందే ఫోన్ చేసింది గాబట్టి ఆయన మళ్ల ఇంటికొచ్చి ఉన్నడు. తల్లిని సూడనీకి వచ్చిన భాగ్య సుత ఉన్నది. "ఒకసారి పక్షవాతం వచ్చినవాళ్లు తర్వాత ఎట్లుంటున్నరు, ఎందుకొచ్చింది, ఇంటికి ఎంత భారమైంది, ఇవన్ని తెలుసుకుంటున్నమండి," అన్నది ఆ పిల్ల. నేను చాయ్ ఇచ్చి దర్వాజ కాడ నిలబడ్డ.

దవఖానకు ఎంతైంది, స్కానింగ్‌కు ఎంతైంది, ఆటోలకు ఎంతైంది అన్నీ మా ఆయనే చెప్పిండు. "చూసుకోవడానికి మనిషిని పెట్టుకున్నరా?" అని అడిగింది అంకిత.

"ఎందుకు పెట్టుకుంటం? మా ఇంటామె ఉన్నది గద. గదేం ఖర్చు లేదు, సున్నా రాసుకో."

అంకిత సున్నా రాయలే. తలెత్తి నా దిక్కు సూసింది. "అక్కా, మీరు ఇంతకుముందు పని చేసేవారా?"

చెప్పిన. జీతం సుత అడిగింది, చెప్పిన. "గదెందుకమ్మా ఇప్పుడు?" అన్నడు మా ఆయన. "అది కూడ ఈ జబ్బు చేసిన నష్టమేనండి. అక్క చేసే పని కూడ లెక్కే," అన్నది. నా చాకిరిని లెక్క అన్న మనిషిని నేను పుట్టి పెరిగినంక గప్పుడే సూసిన. సంబురపడాలె. పడలే. నన్ను గట్ల మంచి కండ్లతోని సూడకే పిల్లా, నేను ఎవలనో నీకు ఎరికలేదు అనుకున్న.

"ముందు బీపీ మందులు సరిగ్గ వేసుకునేవారా?"

"మస్తు సక్కగ," అన్నడు మా ఆయన.

"సరిగ్గ వేసుకున్నా వచ్చిందా? అయితే ఆ మందు సరిపోలేదేమో. డాక్టర్లకు చెప్పాలె. ఇప్పుడు వేసుకుంటున్నరా?"

"ఏడ? సగం ఊంచేస్తది."

ఆ పిల్ల మొకంల నవ్వు పోయింది. "అట్ల ఊరుకోవద్దండి. ఒకసారి వచ్చినవాళ్లకు మళ్ల వచ్చే భయం ఎక్కువ. మందు సక్కగ వేసుకోనివాళ్లకు మరీ ఎక్కువ. రెండోసారి వస్తే మనిషి దక్కడం కష్టమైతది."

భాగ్య దిగ్గున లేసింది. "వదినతోని కాదు, నేను మింగిపిస్త. ముక్కు మూస్తె నోరు అదే తెరుస్తది." పత్తాలకెళ్లి గోలీ తీసింది. మంచం మీద మోకాలు పెట్టి తల్లి ముక్కు రెండేళ్లతోని ఒత్తింది. అత్తమ్మ తల అటు ఇటు కొట్టుకుంటాంది. ఎడమ చెయ్యి గాలిల దేవులాడుతాంది. కండ్లు మాత్రం నా మీదనే ఉన్నయి. ఇంకా నోరు తెరవలే. తెరిస్తె మొత్తం గోలీ లోపలికి పోతది, నాకు సగం మిగలదు. ముక్కు మూసినా ఆమె బిగపట్టింది నా వాటా కోసం.

"ఇడ్వు!" అన్న. నా గొంతు నాకే కొత్తగ వినపడ్డది. "ఇడ్వమంటున్న గద భాగ్యా! ఆమె ఊంచుత లేదు. నాకిస్తాంది."

కొంగు ముడి ఇప్పిన. సగం సగం గోలీలు మంచం మీద పడ్డయి. కొన్ని కొత్తయి, కొన్ని చెమటకు కరిగి పసుపురంగైనయి.

"నాకు బీపీ ఉన్నది. నేను దవఖానకు పోలే. పోయినేడు ఎండకాలం సంది ఆమె పడిపోయేదాక ఆమె గోలీల సగం నేను తిన్న. ఆమె సగమే తిన్నది. సక్కగ ఏస్కున్నది అని రాసుకోకు అంకితా. అది తప్పు."

"మా అవ్వ మందు తిన్నవా?" అన్నది భాగ్య. "తిని, మా అవ్వను మంచాన పడగొట్టి, ఏం ఎరగనట్టు మూతి తుడుస్తున్నవా ఇన్నొద్దులు?"

ఆ మాట నేను నాకు చెప్పుకున్న మాటనే. మా ఆయన లేసి నిలబడ్డడు. "నీకు బీపీ ఏందే? నాకెందుకు చెప్పలే?"

"చెప్పిన. నవ్వినవు."

గంతే అన్న. ఆయనకు యాదికొచ్చినట్టుంది, ఎందుకంటె మొకం పక్కకు తిప్పుకున్నడు. నేను సుత నవ్విన గద ఆ దినం, ఆయనను ఒక్కణ్ని అనేదేమున్నది.

ఎవ్వలం సూడలే, అత్తమ్మ చెయ్యి దుప్పటి మీద దేవులాడుతాంది. ఒక సగం గోలీ దొరికింది. దాన్ని రెండేళ్ల మధ్య పట్టుకొని, నా కొంగు గుంజి నన్ను వంచి, నా పెదవులకు ఆనిచ్చింది. "ఇంద," అన్నది. కూతురి దిక్కు సూసుకుంట మళ్ల అన్నది, గట్టిగ. "ఇంద. ఇంద." బలవంతంగ ఇస్తున్నది నేనేనే, అది గుంజుకోలే అని కూతురికి చెప్తున్నట్టు. భాగ్య మంచం పట్టె మీద తల పెట్టి ఏడ్సింది. మా ఆయన బయటికి పోయి బండి పక్కన నిలబడ్డడు. బండి మాత్రం స్టార్ట్ చేయలే.

అంకిత తన సంచిలకెళ్లి బీపీ మిషిన్ తీసి నా చేతికి పట్టీ కట్టింది. సూసి, "రేపే పోవాలె అక్కా, ఎల్లుండి అనొద్దు," అన్నది. పోయేటప్పుడు గేటు కాడ ఇంకో మాట అన్నది. "సగం మందు వల్లనే వచ్చిందని ఎవరూ చెప్పలేరక్కా. వయసుంటది, ఇంకెన్నో ఉంటయి. దవఖానకు ఆలస్యం కూడ అయింది. మీ ఒక్కరి మీద వేసుకోకండి." మంచి పిల్ల. గని ఆ మాటను నేను ఇంట్లకు తీస్కపోలే. నా తప్పు నాకు ఎంత ఉన్నదో అంత ఉంటది. దాన్ని మోసుకుంట ఇంకో తప్పు మాత్రం చేయను.

మర్నాడు పొద్దుగాల మొకం కడుక్కొని చీర మార్చుకున్న. పొయ్యి ముట్టియ్యలే.

"అవ్వను ఎవలు సూస్తరు?" అన్నడు మా ఆయన.

"నువ్వు."

"ప్లాట్లు సూడనీకి పార్టీలొస్తరు పద్మా."

"ఉండమను," అన్న. చెప్పులేసుకున్న.

పల్లె దవఖానల సిస్టర్ నన్ను సూసి, "ఎప్పుడు రమ్మంటె ఎప్పుడొచ్చినవక్కా," అన్నది. తల వంచుకున్న. డాక్టర్ సూసిండు, రాసిండు. పేరు అడిగితె పద్మలత అన్న. ఫోన్ నంబర్ అడిగింది సిస్టర్. నాలిక మీదికి అలవాటుగ మా ఆయనదే వచ్చింది. ఆగి, నాది చెప్పిన.

ఇంటికొస్తె మా ఆయన మంచం పక్కన తడిసిన దుప్పటి పట్టుకొని నిలబడ్డడు, ఎటు మడవాల్నో తెలుస్త లేదు. "గోలీకి నోరే తెరుస్త లేదు," అన్నడు నెమ్మదిగ. నేను అత్తమ్మ పక్కన కూసున్న. ఆమె అరచేతిల నా పత్తా పెట్టిన. బొటనవేలితోని దాన్ని తడిమింది, గోలీ గోలీ తడిమింది.

"ఇది నాది అత్తమ్మా. నా పేరు మీద ఇచ్చిండ్రు."

ఒకటి తీసి ఆమె కండ్ల ముంగట నాలిక మీద పెట్టుకొని నీళ్లు తాగిన. నోరు పెద్దగ తెరిచి సూపెట్టిన. తర్వాత ఆమె గోలీ ఆమె నోట్లె ఏసిన. ఆమె ఎప్పటి తీరుగనే కొరికింది. సగం మింగింది, సగం తీసి అరచేతిల పెట్టి నా దిక్కు సాపింది.

"ఇంద."

నా చెయ్యి దానికదే లేవబోయింది. కొంగు కింద ఒత్తిపట్టుకున్న.

"వద్దత్తమ్మా," అన్న. ఆమెతోని ఆ మాట అనుడు గదే మొదలు. "ఇన్నొద్దులు నీది తిన్న. ఇగ తినను."

అత్తమ్మ నా నోటి దిక్కు సూసింది. ఒళ్లె ఉన్న పత్తా దిక్కు సూసింది. చెయ్యి చాన సేపు అట్లనే సాపి ఉన్నది. తర్వాత మెల్లగ తన దిక్కు మలుపుకొని, ఆ సగాన్ని తన నోట్లె ఏసుకున్నది. నీళ్లు తాగిపిచ్చిన. మింగి, నేను తెరిచినట్టే నోరు తెరిచి నాకు సూపెట్టింది.